తుడిచిన మర్నాడే తిరిగొస్తున్న వార్మ్

ప్రశ్న: మాది 40 సిస్టమ్‌లున్న ఆఫీసు. ఒక డొమైన్ సర్వర్ (అందరి లాగిన్‌లూ చూసేది), ఒక ఫైల్ సర్వర్ ఉన్నాయి. నెట్‌వర్క్ పని చూసేది నేనొక్కడినే. కొన్ని వారాలుగా ఒక వార్మ్ (తన కాపీలు తానే చేసుకుంటూ సిస్టమ్ నుంచి సిస్టమ్‌కి పాకే వైరస్ లాంటిది) పట్టుకుని వదలడం లేదు. పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లు షార్ట్‌కట్‌లుగా మారిపోతున్నాయి. షేర్డ్ ఫోల్డర్లలో ఎవరూ పెట్టని ఫైళ్లు కనిపిస్తున్నాయి. ఉద్యోగుల అకౌంట్లు వాళ్లేమీ చేయకుండానే లాక్ అవుతున్నాయి. యాంటీవైరస్ రోజూ పట్టుకుని తుడిచేస్తోంది, మర్నాటికి మళ్లీ అదే కథ. నేను అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో ఒక్కో సిస్టమ్‌లోకి వెళ్లి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న క్లీనింగ్ టూల్ నడుపుతున్నాను. పది బాగుచేసేలోపు మొదట చేసినవి మళ్లీ పాడవుతున్నాయి. రెండు సిస్టమ్‌లలో యాంటీవైరస్ కంపెనీల సైట్లు కూడా తెరుచుకోవడం లేదు. ఒక పాత మెషీన్‌ని నడిపే విండోస్ 7 సిస్టమ్ ఉంది, దాన్ని మార్చే వీలు లేదు. మేనేజర్ అన్నీ ఫార్మాట్ కొట్టేయమంటున్నారు, పెన్‌డ్రైవ్ తెచ్చిందెవరో తేల్చమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఉత్తరంలో మీరు మామూలుగా చెప్పుకుంటూ పోయిన రెండు విషయాల దగ్గరే నేను ఆగిపోయాను. ఒకటి, మీరు అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో ఒక్కో సిస్టమ్‌లోకి వెళ్లడం. రెండోది, ఒకే పెన్‌డ్రైవ్‌తో అన్నిటికీ తిరగడం. ఈ రెండూ ఈ రోజే ఆపేయండి. మిగతాది ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఎందుకో చెబుతాను. ఇలాంటి వార్మ్‌లు చాలావరకు ఆ సిస్టమ్‌లో ఎవరు లాగిన్ అయి ఉంటే వాళ్ల హక్కులతోనే పనిచేస్తాయి. మామూలు ఉద్యోగి లాగిన్ అయినప్పుడు వార్మ్‌కి ఆ ఉద్యోగి తెరవగలిగిన షేర్డ్ ఫోల్డర్లే అందుతాయి. మీరు డొమైన్ అడ్మిన్‌గా (అన్ని సిస్టమ్‌ల మీదా హక్కులున్న అకౌంట్‌తో) లాగిన్ కాగానే ఆఫీసులోని ప్రతి సిస్టమ్ సి డ్రైవూ దానికి అందుబాటులోకి వస్తుంది. విండోస్‌లో అడ్మిన్‌ల కోసం కంటికి కనిపించని షేర్లు మామూలుగా తెరిచే ఉంటాయి. పాస్‌వర్డ్ ఊహించాల్సిన పని కూడా లేకుండా, మీ పేరుతోనే అది మిగతా 39 సిస్టమ్‌లలోకి తన కాపీని పంపగలదు. 2008 నవంబరులో కాన్‌ఫికర్ అనే వార్మ్ బయటపడిన తర్వాత దాన్ని తొలగించడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సూచనల్లో ఇది స్పష్టంగా ఉంది: వ్యాధి సోకిన సిస్టమ్‌లోకి లోకల్ అకౌంట్‌తోనే (ఆ ఒక్క సిస్టమ్‌కే చెందినది) వెళ్లండి, డొమైన్ అడ్మిన్‌గా మాత్రం వెళ్లొద్దు. ఆ వార్మ్ పాతదైనా ఆ సలహాకు కాలదోషం పట్టలేదు.

ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఒక్కరే అంత పని మోస్తూ, తొందరగా బాగుచేయాలని ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ఇకనుంచి వరస మార్చండి: ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, ఆ తర్వాత లోకల్ అడ్మిన్‌తో లాగిన్ అవ్వండి. అన్ని సిస్టమ్‌లలోనూ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే అయితే అది కూడా డొమైన్ అడ్మిన్ అంత ప్రమాదమే కాబట్టి కేబుల్ పీకడం అస్సలు మరిచిపోవద్దు. పెన్‌డ్రైవ్ బదులు డీవీడీ వాడండి, లేదా రాయడానికి వీల్లేకుండా లాక్ స్విచ్ ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.

మీ యాంటీవైరస్ చేతకానిదని అనుకోకండి. అది రోజూ పట్టుకుంటోందంటే తన పని తాను చేస్తున్నట్టే. ఇంట్లో ఒక పిల్ల తలలో పేలు తీసి, మళ్లీ మిగతా పిల్లలతో అదే మంచం మీద పడుకోబెడితే ఏమవుతుందో మీ దగ్గర అదే జరుగుతోంది. శుభ్రమైన సిస్టమ్ శుభ్రం కాని వాటి మధ్యకి, అదే కేబుల్ మీదికి, అదే పాస్‌వర్డ్‌తో, అదే లోపంతో తిరిగి వెళ్తోంది. 2003 జనవరిలో వచ్చిన స్లామర్ వార్మ్ మొత్తం 376 బైట్లు. డిస్క్ మీద ఒక్క ఫైలు కూడా రాసేది కాదు, రీస్టార్ట్ చేస్తే మెమరీ నుంచి పూర్తిగా పోయేది. అయినా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయని సర్వర్‌ని అలాగే నెట్‌వర్క్‌కి కలిపితే వెంటనే మళ్లీ అంటుకునేది. ఆ లోపానికి ప్యాచ్ 2002 జులైలోనే వచ్చింది. కాన్‌ఫికర్ వాడుకున్న లోపానికీ అది బయటపడకముందే, అక్టోబరులోనే ప్యాచ్ ఉంది. వాన్నాక్రై వార్మ్ 2017 మే 12న విరుచుకుపడింది, దాని ప్యాచ్ మార్చిలో విడుదలైంది. వార్మ్‌ని చంపడం ఎప్పుడూ అంత కష్టం కాదు. అది తిరిగొచ్చే దారులన్నీ ఒకేసారి మూసేయడమే అసలు పని.

ఫార్మాట్ గురించి తేల్చుకునే ముందు వచ్చిందేమిటో తెలుసుకోండి. యాంటీవైరస్ లాగ్‌లో అది పెట్టిన పేరు ఉంటుంది. ఆ పేరు రాసుకుని, ఆ కంపెనీ ఇచ్చే వివరణని ఒక శుభ్రమైన సిస్టమ్ నుంచో మీ ఫోన్ నుంచో చదవండి. నా అంచనా ప్రకారం మీ దగ్గర ఉన్నది ఒకటి కాకపోవచ్చు. ఫోల్డర్లను దాచేసి షార్ట్‌కట్‌లు పెట్టేవి ఎక్కువగా చిన్న స్క్రిప్ట్ వార్మ్‌లు. అకౌంట్లు లాక్ అవుతున్నాయంటే ఎక్కడో ఒక సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నిస్తున్నారన్నమాట, అది వేరే రకం ప్రవర్తన. రెండూ ఒకే వార్మ్ చేయవచ్చు, కానీ ఒకటే అనుకుని మొదలుపెడితే రెండోది మిగిలిపోతుంది. యాంటీవైరస్ సైట్లు తెరుచుకోని ఆ రెండు సిస్టమ్‌లకు మాత్రం అంటిందనే లెక్కలో ఉంచండి. మిగతా సైట్లన్నీ వస్తూ అవి మాత్రమే రావట్లేదంటే దాదాపు ఎప్పుడూ కారణం అదే.

పేరులో సాలిటీ, వైరూట్ లాంటివి కనిపిస్తే కథ మారుతుంది. అవి ప్రోగ్రామ్ ఫైళ్లలోకే దూరిపోతాయి. యాంటీవైరస్ వాటిని శుభ్రం చేశానన్నా ఆ ఫైళ్లు సరిగా పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు. అప్పుడు మీ మేనేజర్ చెప్పిందే సరైనది. పేరు ఇమోటెట్ అయితే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే అది తనతోపాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించేవాటినీ, ఫైళ్లకు తాళం వేసేవాటినీ తెచ్చిపెట్టడంలో పేరుపడింది.

తర్వాతి పని, వార్మ్ ఎక్కడి నుంచి కొడుతోందో కనిపెట్టడం. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. అకౌంట్ లాక్ అయినప్పుడల్లా డొమైన్ సర్వర్ ఈవెంట్ వ్యూయర్‌లో, సెక్యూరిటీ లాగ్‌లో 4740 నంబరుతో ఒక ఎంట్రీ పడుతుంది. ఆ ప్రయత్నం ఏ సిస్టమ్ నుంచి వచ్చిందో అందులోనే రాసి ఉంటుంది. ఒకరోజు ఎంట్రీలన్నీ తీసి చూడండి, ఒకటి రెండు పేర్లే మళ్లీ మళ్లీ కనిపించే అవకాశం ఎక్కువ. షేర్డ్ ఫోల్డర్‌లో పుట్టిన తెలియని ఫైలుని తెరవకుండా, దాని ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్ ఎవరో చూడండి. ఏ ఉద్యోగి అకౌంట్ నుంచి వచ్చిందో తెలుస్తుంది. అక్కడ అడ్మినిస్ట్రేటర్స్ అని ఉంటే మీ అడ్మిన్ అకౌంటే దానికి వాహనమైందేమోనని గట్టిగా అనుమానించాలి. అనుమానం ఉన్న సిస్టమ్‌లో నెట్‌స్టాట్ కమాండ్ (ఆ సిస్టమ్ కనెక్షన్లన్నీ చూపేది) నడిపితే, వార్మ్ 445 పోర్ట్ (ఫైళ్లు పంచుకోవడానికి వాడే దారి) మీద పదుల కొద్దీ అడ్రస్‌లకు కనెక్షన్లు తెరవడానికి ప్రయత్నిస్తూ దొరికిపోతుంది. మామూలుగా ఒక ఉద్యోగి సిస్టమ్‌కి ఒకటి రెండు సర్వర్లతో తప్ప ఆ పోర్ట్ మీద మాట్లాడాల్సిన పని ఉండదు.

ఇక శుభ్రం చేసే పని. దీన్ని పని గంటల మధ్యలో, ఒక్కో సిస్టమ్‌గా చేస్తే ఎప్పటికీ అవ్వదు. ఆఫీసు మూసే రెండు రోజులు అడగండి. మేనేజర్ వెనకాడితే ఇప్పటిదాకా పోయిన పని గంటలు లెక్కవేసి చూపించండి. ఆ రెండు రోజులకు ముందే ఒక సిస్టమ్‌ని, ఆఫీసు నెట్‌వర్క్‌కి కలపకుండా, కొత్తగా విండోస్ వేసి సిద్ధం చేసుకోండి. అన్ని అప్‌డేట్లు, రెస్క్యూ డిస్క్ (విండోస్ నడవకుండానే సిస్టమ్‌ని తెరిచి స్కాన్ చేసే డిస్క్) దాని నుంచే తయారవ్వాలి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి ప్యాచ్‌లను ఫైళ్లుగా దించుకోవచ్చు. అలా అయితే ప్యాచ్ వేయడం కోసం సిస్టమ్‌ని నెట్‌కి కలపాల్సిన అవసరం రాదు. బ్యాకప్ డిస్క్‌ని ఇప్పుడే నెట్‌వర్క్ నుంచి వేరుచేయండి. పాత మంచి బ్యాకప్ మీద ఈ వారాల్లో తీసింది రాసేయకుండా, దాన్ని వేరే డిస్క్‌లో ఉంచండి.

ఆ రోజు నెట్‌వర్క్ స్విచ్‌లన్నీ (సిస్టమ్‌ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు) ఆపేసి, వైఫై కూడా ఆపేయండి. మీకు తప్పక కావాల్సిన వస్తువు ఇంకో స్విచ్, పాత నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేనిది. శుభ్రమైన సిస్టమ్‌లు మాత్రమే దీనికి కలుస్తాయి. పాత స్విచ్ మీద ఉన్నవి పాతవాటితోనే ఉంటాయి. పరీక్ష దాటిన ప్రతి సిస్టమ్ క్యాబినెట్ మీద ఒక స్టిక్కర్ అంటించి, కేబుల్‌ని కొత్త స్విచ్‌కి మార్చండి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే మీరు చెప్పిన 'మొదట చేసినవి మళ్లీ పాడవడం' ఆగిపోతుంది. రెండు స్విచ్‌ల మధ్య ఒక్క కేబుల్ కూడా ఉండకూడదు. రెండు నెట్‌వర్క్‌లకూ కలిసిన లాప్‌టాప్ ఒక్కటున్నా పడిన శ్రమంతా వృథా అవుతుంది.

మొదట సర్వర్లు, ఆ తర్వాతే ఉద్యోగుల సిస్టమ్‌లు. డొమైన్ సర్వర్‌లోనే వార్మ్ నడుస్తున్నట్టు తేలితే అక్కడ ఆగి, ఆ పనిలో అనుభవం ఉన్నవాళ్లను పిలవండి. అది మీరొక్కరే రెండు రోజుల్లో చేసే పని కాదు. ఆఫీసులో అందరి పాస్‌వర్డ్‌ల రహస్యాలూ ఆ సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి దాన్ని తుడిచి సరిపెట్టుకోవడం కుదరదు. కస్టమర్ల వివరాలు బయటికి పోయాయనే అనుమానం ఉంటే చట్టం ప్రకారం తెలియజేయాల్సినవాళ్లకు తెలియజేసే బాధ్యత మేనేజర్‌ది, ఆ మాట ముందే ఆయన చెవిన వేయండి.

ఒక్కో సిస్టమ్‌ని రెస్క్యూ డిస్క్‌తో బూట్ చేసి స్కాన్ చేయండి. విండోస్ నడుస్తుండగా చేసే స్కాన్ మీద నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే నడుస్తున్న వార్మ్ తనని తాను దాచుకోగలదు. కాన్‌ఫికర్ ఇంకో అడుగు ముందుకేసి, తాను లోపలికొచ్చిన లోపాన్ని మెమరీలో తానే మూసేసేది, వేరే ఎవరూ రాకుండా. అందువల్ల పైపైన పరీక్షిస్తే ప్యాచ్ వేసిన సిస్టమ్‌లాగే కనిపించేది. విండోస్ 10, 11లలో డిఫెండర్‌లోనే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, అదైనా నడపండి. స్కాన్ అయ్యాక మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ టూల్ తెరిచి, విండోస్‌తోపాటు మొదలయ్యేవన్నీ చూడండి. షెడ్యూల్డ్ టాస్క్‌లు, సర్వీసులు, స్టార్టప్ ఫోల్డర్, అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయే డబ్ల్యూఎంఐ ట్యాబ్ (విండోస్ లోపలి నిర్వహణ వ్యవస్థలో దాక్కున్నవాటిని చూపేది). ఫైలు పోయినా అక్కడ ఒక ఎంట్రీ మిగిలితే, నెట్ దొరకగానే అది కొత్త కాపీని తెచ్చుకుంటుంది. పాత రిస్టోర్ పాయింట్లు (విండోస్ తన పాత స్థితిని దాచుకున్న కాపీలు) కూడా తీసేయండి. ఆ తర్వాత ప్యాచ్‌లు వేసి, రీస్టార్ట్ చేసి, ఇంకోసారి స్కాన్ చేసి అప్పుడు స్టిక్కర్ అంటించండి.

అన్నీ ఫార్మాట్ చేయాలా అంటే, నా అభిప్రాయంలో అన్నీ అక్కర్లేదు, కొన్ని తప్పదు. మీరు డొమైన్ అడ్మిన్‌గా లాగిన్ అయిన తర్వాత కూడా వార్మ్ దొరికినవి, 4740 ఎంట్రీల్లో మళ్లీ మళ్లీ వచ్చినవి, యాంటీవైరస్ సైట్లు తెరుచుకోని ఆ రెండూ, వీటిని మాత్రం ఫార్మాట్ చేసి కొత్తగా వేయండి. ఫైళ్లు తిరిగి పెట్టేటప్పుడు డాక్యుమెంట్లు, షీట్లు, ఫొటోలు మాత్రమే పెట్టండి. ప్రోగ్రామ్ ఫైళ్లు, స్క్రిప్ట్‌లు, షార్ట్‌కట్‌లు ఒక్కటి కూడా వద్దు. ఒకటి గుర్తుంచుకోండి, అన్నీ ఫార్మాట్ కొట్టి మళ్లీ పాత స్విచ్‌కి, పాత పాస్‌వర్డ్‌లతో కలిపితే ఫలితం ఇప్పుడున్నట్టే ఉంటుంది. మేనేజర్‌కి ఈ మాట చెప్పడం అవసరం.

పెన్‌డ్రైవ్‌లలో మాయమైన ఫోల్డర్ల గురించి ఉద్యోగులు కంగారు పడుతూ ఉంటారు. చాలాసార్లు అవి ఎక్కడికీ పోవు. వార్మ్ వాటికి హిడెన్, సిస్టమ్ గుర్తులు పెట్టి దాచేస్తుంది, అంతే. శుభ్రమైన సిస్టమ్‌లో స్కాన్ చేసి, అట్రిబ్ కమాండ్‌తో ఆ గుర్తులు తీసేస్తే తిరిగి కనిపిస్తాయి. ఈ మాట అందరికీ ముందే చెబితే ఎవరికి వాళ్లు ఇంట్లో సొంత ప్రయోగాలు చేయకుండా ఉంటారు.

పాస్‌వర్డ్‌లు మార్చడం సర్వర్లూ సిస్టమ్‌లూ శుభ్రమయ్యాకే, కొత్త స్విచ్ మీద ఉన్న సిస్టమ్ నుంచే. ముందే మారిస్తే కొత్తవి కూడా దాని చేతికి పోవచ్చు. ముందు అడ్మిన్‌వి, తర్వాత అందరివీ. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కో సిస్టమ్‌కి ఒక్కోటి ఉండాలి. దీన్ని చేత్తో రాసుకోనక్కర్లేదు, 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ల్యాప్స్ అనే ఏర్పాటు ఉంది, అది తనంతట తానే మారుస్తూ డొమైన్‌లో భద్రపరుస్తుంది. మీకు కూడా రోజువారీ పనికి మామూలు అకౌంట్ ఒకటి, అడ్మిన్ పనికి వేరే అకౌంట్ ఒకటి పెట్టుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది, నేను చూసినంతలో చాలా ఆఫీసులు చేయనిది, ఉద్యోగుల సిస్టమ్‌ల మధ్య మాటలు ఆపేయడం. గ్రూప్ పాలసీ (డొమైన్ సర్వర్ నుంచి అన్ని సిస్టమ్‌లకూ ఒకేసారి పెట్టే నియమాలు) ద్వారా విండోస్ ఫైర్‌వాల్‌లో ప్రతి సిస్టమ్‌లోకి బయటి నుంచి వచ్చే 445, 139 పోర్ట్‌లను మూసేయండి. సర్వర్ వైపు వెళ్లే దారి అలాగే ఉంటుంది, ఫైళ్లన్నీ మామూలుగా తెరుచుకుంటాయి. ఎవరైనా తమ సిస్టమ్ నుంచి ప్రింటర్ షేర్ చేసి ఉంటే అది ఆగిపోతుంది, ఆ ప్రింటర్‌ని నేరుగా నెట్‌వర్క్‌కి కలపండి. అదే పాలసీలో, అడ్డుకున్న కనెక్షన్లను లాగ్ చేసే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. ఇక ఆఫీసులో ఏ మూల ఏ సిస్టమ్ మిగతావాటి తలుపులు తట్టినా దాని అడ్రస్ ఆ లాగ్‌లో పడుతుంది. మీరు వెతుక్కుంటూ తిరగాల్సిన పని తగ్గిపోతుంది. ఎస్‌ఎంబీ 1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) కూడా అన్నిచోట్లా తీసేయండి, వాన్నాక్రై వచ్చింది దాని గుండానే. పాత స్కానర్ నుంచి ఫోల్డర్‌లోకి నేరుగా స్కాన్ చేసే అలవాటుంటే అది ఆగిపోవచ్చు. దానికోసం ఎస్‌ఎంబీ 1 ఉంచడం కంటే స్కాన్‌లని ఈమెయిల్‌కి పంపేలా మార్చడం మేలు.

ఆ విండోస్ 7 సిస్టమ్‌కి 2020 జనవరి 14 తర్వాత మామూలు అప్‌డేట్లు లేవు. మార్చలేనప్పుడు ఒంటరిగా ఉంచాలి. వేరే వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో విడిగా వేరుచేసిన భాగం) పెట్టి, ఇంటర్నెట్ తీసేసి, దాని పనికి కావాల్సిన ఒక్క అడ్రస్‌కి మాత్రమే దారి ఇవ్వండి. దాన్ని డొమైన్ నుంచి తీసేసి లోకల్ అకౌంట్‌తో నడపండి. దానికోసం విడిగా ఒక పెన్‌డ్రైవ్ ఉంచి, అది ఎప్పుడూ ముందు స్కాన్ చేసే సిస్టమ్ గుండానే వెళ్లేలా చూడండి. ఒకవేళ దానికి నెట్‌వర్కే అక్కర్లేకపోతే కేబుల్ శాశ్వతంగా తీసేయడం అన్నిటికన్నా మంచిది.

పెన్‌డ్రైవ్ ఎవరు తెచ్చారో తేల్చే పని మాత్రం వద్దని మేనేజర్‌కి చెప్పండి. ఇది నేను గట్టిగా అంటున్నాను. ఒకరిని నిలదీస్తే మిగతావాళ్లందరూ తమ పెన్‌డ్రైవ్‌లను దాచేస్తారు. మీకిప్పుడు కావాల్సింది ప్రతి పెన్‌డ్రైవూ మీ బల్ల మీదికి రావడం. సెలవులో ఉన్నవాళ్ల లాప్‌టాప్‌లు, ఇంటి నుంచి వీపీఎన్‌తో కలిసేవి, మీటింగ్ రూమ్‌లో టీవీకి తగిలించిన చిన్న సిస్టమ్, ఇవన్నీ లెక్కలోకి రావాలంటే జనం భయపడకుండా మీ దగ్గరికి వచ్చి చెప్పాలి. డీహెచ్‌సీపీ లిస్టులో (నెట్‌వర్క్‌కి కలిసినవాటికి ఇచ్చిన అడ్రస్‌ల జాబితా) ఉన్న పేర్లను మీ రిజిస్టర్‌తో పక్కపక్కన పెట్టి చూడండి, మీరు మరిచిపోయినవి బయటపడతాయి. అన్నీ తుడిచాక మళ్లీ అంటుకుంటే అది సాధారణంగా ఇలా లెక్కలోకి రాని ఒక లాప్‌టాప్ నుంచే వస్తుంది. కాబట్టి స్టిక్కర్ లేని ఏ సిస్టమ్‌కీ కొత్త స్విచ్‌లో చోటు లేదని, అది మేనేజర్ లాప్‌టాప్ అయినా సరే, ముందే ఆయన చేతే అందరికీ మెయిల్ పెట్టించండి.

తర్వాత రెండు మూడు వారాలు రోజూ ఉదయం 4740 ఎంట్రీలు, ఫైర్‌వాల్ లాగ్ చూడండి. ఎవరో పాస్‌వర్డ్ మరిచిపోయి లాక్ అవడం మామూలే, దానికి కంగారు పడొద్దు. ఒకే సిస్టమ్ నుంచి చాలా అకౌంట్లు లాక్ అయితే మాత్రం ఆ సిస్టమ్ కేబుల్ పీకి, స్టిక్కర్ తీసేసి, ఫార్మాట్ చేయండి. యాంటీవైరస్ లాగ్‌లో దొరికిన పేరు నాకు రాసి పంపండి. అది ఏ రకమో చూసి, మీరు వేయాల్సిన ప్యాచ్‌లు ఇంకేమైనా ఉంటే చెబుతాను.